‘మా తండ్రీ’ అన్నప్పుడు ఆ ‘మా’లో ఎవరు?

పోయిన నెల మా అక్క కొడుకు రెండు రోజులు ఉండి వెళ్దామని మా ఇంటికి వచ్చాడు. ఆదివారం ఉదయం నేను చర్చికి తయారై, బైబిలు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చేసరికి, సోఫాలో పడుకున్నవాడు లేచి కూర్చుని, "పిన్నీ, దేవుడు ఈ ఇంట్లో లేడా?" అన్నాడు.

"ఎందుకు లేడూ, ఉన్నాడు."

"మరి అక్కడిదాకా వెళ్ళడం ఎందుకు?"

వాడు ఎగతాళికి అడగలేదు. వాడి ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. "వచ్చాక చెప్తాను" అని వెళ్ళిపోయాను. వచ్చాక చెప్పలేదు. వాడూ మళ్ళీ అడగలేదు. అప్పటినుంచి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నలభై ఏళ్ళుగా ప్రతి ఆదివారం చేస్తున్న పనికి కారణం చెప్పమంటే నోరు పెగలకపోవడం నాకే ఆశ్చర్యంగా ఉంది.

వెంటనే చెప్పగలిగిన జవాబులు లేక కాదు. మొదటిది ఆజ్ఞ. కూడుకోవడం మానొద్దని హెబ్రీయులకు రాసిన పత్రిక పదో అధ్యాయంలో ఉంది. ఆ వచనాన్ని చర్చికి రానివాళ్ళ మీద విసరడమే నేను చిన్నప్పటినుంచి చూశాను. దాని ముందు వచనం కూడా కలిపి చదివితే అక్కడ హాజరు లెక్క కనిపించదు. ప్రేమించడానికీ మంచి పనులు చేయడానికీ ఒకరినొకరు పురికొల్పుకోండి అన్న మాట కనిపిస్తుంది. రాని మనిషిని తిట్టడానికి ఆ వచనం వాడినప్పుడల్లా దాని సగం ప్రాణం తీసేస్తున్నాం అనిపిస్తుంది.

రెండోది ప్రయోజనం. అమెరికాలో 74 వేలమందికి పైగా మహిళా నర్సుల వివరాలు పదహారేళ్ళపాటు గమనించి, హార్వర్డ్ పరిశోధకులు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. వారానికి ఒకసారి కంటే ఎక్కువగా ఆరాధనకు వెళ్ళేవాళ్ళలో మరణాల రేటు, అసలు వెళ్ళనివాళ్ళతో పోలిస్తే 33 శాతం తక్కువగా ఉందట. నిజమే కావచ్చు. కానీ అమ్మ పక్కన కాసేపు కూర్చుంటే బీపీ తగ్గుతుందని ఎవరైనా చెప్తే నమ్ముతాను గానీ, నేను అమ్మ పక్కన కూర్చునేది బీపీ కోసం కాదు కదా.

మూడోది మనశ్శాంతి. ఇది చాలామంది చెప్తారు, నేనూ చెప్పాను. ఇప్పుడు చెప్పలేను. వెళ్ళేటప్పటి కంటే ఎక్కువ కలతతో తిరిగొచ్చిన ఆదివారాలు నాకు చాలానే ఉన్నాయి.

ఆ ఒక్క మాట దగ్గర

నాన్న పోయిన ఏడాది నాకు ప్రార్థన పోయింది. దేవుడి మీద కోపం కూడా కాదు అది. కళ్ళు మూసుకుంటే ఆసుపత్రి వరండా, అక్కడి లైటు, నర్సు మా వైపు నడిచొస్తున్న చప్పుడు. అంతే. మాటలు వచ్చేవి కావు. ఆరేడు నెలలు అలాగే గడిచాయి. అయినా చర్చికి వెళ్ళాను, ఎందుకంటే అమ్మని ఒక్కదాన్నే పంపలేను. నేను వెళ్ళింది విశ్వాసంతో కాదని ఇక్కడ ఒప్పుకోవాలి.

చివరి నుంచి రెండో బెంచీలో కూర్చునేవాళ్ళం. నాకు అటుపక్కన ఒక పెద్దావిడ ఉండేది. చుట్టరికం లేకపోయినా పెద్దమ్మా అనే పిలిచేదాన్ని. పాట మొదలైతే నేను నోరు మెదపనని ఆవిడకి మొదటి వారమే తెలిసిపోయింది. ఏమీ అడగలేదు. ధైర్యంగా ఉండమని చెప్పలేదు. పాటల పుస్తకం సగం నా ఒళ్ళోకి వచ్చేలా జరిపి, పాడుతున్న చరణం కింద వేలు పెట్టి జరుపుతూ పోయేది. శ్రుతి కలిసేది కాదు ఆవిడకి. ఆ వేలు మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

ఆరాధనలో మేం నమ్మేదాన్ని అందరం కలిసి పైకి చెప్తాం, దాన్నే విశ్వాస ప్రమాణం అంటాం. ఒకరోజు ఆరాధన అయ్యాక బయట మెట్ల మీద కూర్చుని ఆవిడతో అనేశాను. "పెద్దమ్మా, విశ్వాస ప్రమాణం చెప్తుంటే అబద్ధమాడుతున్నట్టుంది. నాకు ఒక్క మాటా నమ్మబుద్ధి కావడం లేదు."

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మా పెద్దబ్బాయి పోయాక రెండేళ్ళు, 'శరీర పునరుత్థానం' అన్న చోట నేను నోరు మూసుకునేదాన్నమ్మా. ఆ మాట రాగానే గొంతు పట్టేసేది. చుట్టూ అందరూ చెప్పేవాళ్ళు కదా, వింటూ నిలబడేదాన్ని. తర్వాతి మాట దగ్గర మళ్ళీ అందుకునేదాన్ని."

"రెండేళ్ళ తర్వాత?"

"ఎప్పుడో చెప్పేశాను. ఏ వారమో కూడా గుర్తులేదు."

నాకు చర్చి అంటే ఏమిటో ఎవరైనా అడిగితే ఆ మెట్ల మీద విన్న ఈ నాలుగు మాటలే గుర్తొస్తాయి. నేను నమ్మలేని రోజున నా బదులు నమ్మకాన్ని మోసే మనుషులున్న చోటు. ఇంట్లో ఒంటరిగా ప్రార్థన చేస్తూ నేను ఆగిపోతే, అక్కడితో ప్రార్థన ఆగిపోతుంది. చర్చిలో నేను ఆగినా అది ఆగదు. ఆవిడ ఆ మాట పలకకుండా ఉండగలిగింది అంటే, చుట్టూ ఉన్నవాళ్ళు పలుకుతున్నారు కాబట్టే.

ఇది నటన కాదా అని ఎవరైనా అడగొచ్చు. నన్ను నేను చాలాసార్లు అడుగుకున్నాను. మనసులో లేనిది గుంపుతో కలిసి చెప్పడం వేషం వేయడమే కదా? కానీ ఆవిడ లేనిదాన్ని ఉన్నట్టు చెప్పలేదు. మౌనంగా ఉంది. మౌనంగా ఉన్నందుకు ఎవరూ ఆవిడని బెంచీ ఖాళీ చేయమనలేదు. 325లో నీకేయ అనే పట్టణంలో బిషప్పులు కలిసి రాసిన విశ్వాస ప్రమాణం గ్రీకులో ‘మేము విశ్వసిస్తున్నాము’ అని బహువచనంతో మొదలవుతుంది. మనలో చాలామంది ఆదివారం చెప్పే అపొస్తలుల విశ్వాస ప్రమాణం ‘నేను’ అనే మొదలవుతుంది. రెండూ కావాలి నిజమే. కానీ ‘నేను’ అనలేని రోజున ‘మేము’లో నిలబడే చోటు ఉండాలి.

యేసు శిష్యుడు తోమా విషయంలో నేను ఎక్కువగా ఆలోచించేది ఆ వారం రోజుల గురించి. యేసు చనిపోయి తిరిగి లేచాక శిష్యులకి మొదటిసారి కనిపించినప్పుడు తోమా అక్కడ లేడు. తర్వాత మిగతావాళ్ళు చెప్తే నమ్మనన్నాడు. ఎనిమిది రోజుల తర్వాత చూస్తే, వాళ్ళతో పాటే అదే ఇంట్లో ఉన్నాడు. చూశామన్న పదిమందీ, నమ్మనన్న ఒక్కడూ ఒకే కప్పు కింద ఎలా ఉండి ఉంటారు? భోజనాల దగ్గర ఏం మాట్లాడుకుని ఉంటారు? వాళ్ళు వెళ్ళగొట్టలేదు, ఇతను వెళ్ళిపోలేదు. యేసు మళ్ళీ వచ్చేసరికి తోమా అక్కడ ఉండడానికి కారణం ఆ వారమంతా వాళ్ళు కలిసి ఉండడమే.

గోడ తీసేసి కలిపిన గది

చర్చి అంటే కట్టడం కాదు, మనుషులు అని మనవాళ్ళు తరచూ అంటారు. మన భాషలో దీనికి రెండు మాటలు కూడా ఉన్నాయి. ‘చర్చికి వెళ్ళాను’ అంటాం, ‘మా సంఘంలో’ అంటాం. కొత్త నిబంధనలో ఎక్లేసియా అన్న గ్రీకు మాటకి సంఘము అనే అనువాదం చేశారు. గ్రీకు పట్టణాల్లో పౌరుల సభకి వాడే మాట అది. గోడలకీ దానికీ సంబంధం లేదు. కాబట్టి ఆ మాట నిజమే. అయితే సగం నిజం అంటాను నేను.

సిరియాలో యూఫ్రటీసు నది ఒడ్డున దూరా యూరోపస్ అనే పాత పట్టణం ఉంది. 256 ప్రాంతంలో పర్షియాను ఏలిన సస్సానీయుల ముట్టడిలో నాశనమై మట్టి కింద ఉండిపోయింది. 1930ల మొదట్లో తవ్వినప్పుడు అక్కడ క్రైస్తవుల ఆరాధన కోసం మార్చుకున్న ఒక మామూలు ఇల్లు బయటపడింది. ఇప్పటిదాకా దొరికినవాటిలో అత్యంత పాత చర్చిల్లో అదొకటి. గోపురం లేదు, గంట లేదు. వాళ్ళు చేసిన ముఖ్యమైన మార్పుల్లో ఒకటి, రెండు గదుల మధ్య గోడ తీసేసి ఒకే గది చేయడం. క్రైస్తవ విశ్వాసానికి చట్టం రక్షణ లేని కాలం అది. ఎవరింట్లో వాళ్ళు ప్రార్థన చేసుకోవడమే క్షేమం. అయినా గోడ పగలగొట్టి మరీ ఒకచోట చేరారు. నాకు ఇది చాలా పెద్ద సాక్ష్యంలా కనిపిస్తుంది. మనుషులే చర్చి, నిజమే. ఆ మనుషులు పక్కపక్కన నిలబడడానికి ఒక గది కావాలి.

ఆ చోటు మీద మమకారం పెరగడాన్ని తప్పు పట్టలేను. నాన్న శవపేటిక పెట్టిన చోటే నిరుడు ఒక పసిపాపకి బాప్తిస్మం ఇచ్చారు. నాలుగడుగుల నేల. నేను దాని పక్కనుంచి నడిచిన ప్రతిసారీ రెండూ గుర్తొస్తాయి. 2019 ఏప్రిల్ 15న పారిస్‌లో నోట్రడామ్ చర్చి తగలబడుతున్నప్పుడు జనం వీధుల్లో మోకాళ్ళ మీద నిలబడి పాటలు పాడారు. ఆ వీడియో చూసి, "చూశారా, కట్టడం కాలిపోతున్నా చర్చి వీధిలో పాడుతోంది" అని ఒకాయన అన్నారు. అది నిజమే. కానీ వాళ్ళు ఏడుస్తున్నది ఆ కట్టడం కోసమే కదా! అది కూడా నిజమే.

ఇక పాట. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బృందగానం చేసేవాళ్ళ గుండె వేగాన్ని కొలిచారు. కలిసి పాడుతుంటే ఊపిరి ఒకేలా నడుస్తుంది కాబట్టి గుండె వేగం కూడా కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని తేల్చారు. చదవగానే పెద్దమ్మ వేలు గుర్తొచ్చింది నాకు. నేను పాడని ఆ నెలల్లో కూడా, ఆవిడ ఊపిరి తీసుకునే చోట నేనూ తీసుకునేదాన్నేమో. పాటే ఉండాలని కూడా లేదు. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖలో చాలామంది గంటసేపు మౌనంగా కూర్చునే ఆరాధిస్తారు. ఒంటరి మౌనానికీ, పక్కన మనుషులున్న మౌనానికీ తేడా ఉందని ఎవరి పక్కనైనా మౌనంగా కూర్చున్న వాళ్ళందరికీ తెలుసు.

2020లో కరోనా వచ్చి ఇదంతా ఒక్కసారిగా ఆగిపోయింది. మార్చి 27న వానలో, వాటికన్‌లో ఖాళీగా ఉన్న సెయింట్ పీటర్స్ చౌకంలో పోప్ ఫ్రాన్సిస్ ఒక్కరే ప్రార్థించడం టీవీలో చూశాను. నేను క్యాథలిక్‌ని కాదు, అయినా ఆ ఖాళీ నా కడుపులో తగిలింది. ఆ నెలల్లో నేను మళ్ళీ మళ్ళీ చదివింది 42వ కీర్తన. అందులో నాలుగో వచనం దగ్గర, మందిరానికి దూరమైన మనిషి ఒకప్పుడు పండగ చేసుకునే గుంపుతో కలిసి దేవుని ఇంటికి నడిచిన రోజుల్ని తలుచుకుని ఏడుస్తాడు. గుడ్డి అలవాటైతే మనిషి దాని కోసం అంతలా ఏడవడు.

అయితే ఆ రోజుల్లోనే నా వాదనకి గట్టి దెబ్బ తగిలింది. ఆరాధన ఫోన్లోకి రాగానే, ఏళ్ళ తరబడి మంచంలో ఉన్న ఒకావిడ మొదటిసారి అందరితోపాటు పాడింది. స్క్రీన్ మీద చిన్న గడిలో ఆవిడ ముఖం వెలిగిపోతోంది. మేం పోగొట్టుకున్నామని ఏడుస్తున్నప్పుడే ఆవిడకి చర్చి దొరికింది. అంతకుముందు అన్నేళ్ళూ ఆవిడ లేకుండానే గది నిండిందని మేం అనుకున్నాం. పక్కపక్కన నిలబడాలి అని నేను గట్టిగా అనే ప్రతిసారీ, నిలబడలేని వాళ్ళని లెక్కలోంచి తీసేస్తున్నానా అని ఇప్పుడు భయం వేస్తుంది.

గుమ్మానికి అడ్డం

ఇక తప్పించుకోలేని విషయానికి వస్తాను.

మా అక్క చర్చికి రావడం మానేసి ఎనిమిదేళ్ళు. ఆరాధనలో బైబిలు వాక్యం అక్క చదివితే వినాలి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఎవరూ నేర్పకుండానే తెలుసు. పదిహేనేళ్ళు చదివింది. ఆ తర్వాత అక్కకి విడాకులయ్యాయి. ఎందుకు అయ్యాయో అక్కకే తెలుసు, నాకు కొంత తెలుసు, మిగతావాళ్ళకి ఏమీ తెలియదు. ఆ నెల వాక్యం చదివేవాళ్ళ పట్టికలో అక్క పేరు లేదు. ఎవరూ పిలిచి చెప్పలేదు. గోడకి అంటించిన కాగితం చూసి తెలుసుకుంది. ఆ చోట నా పేరు ఉంది.

ఆ ఆదివారం వాక్యం నేనే చదివాను.

అక్క చివరిదాకా కూర్చుని, అయ్యాక నా దగ్గరికి వచ్చి, "బాగా చదివావు" అంది. ఆ మరుసటి వారం నుంచి రాలేదు. నేను గొడవ చేయలేదు. నా పేరు తీసేయమని అడగలేదు. పెద్దలకి ఎదురు చెప్పడం ఎందుకులే అనుకున్నాను. మా అక్క కొడుకు ఆ పూట పక్కనే కూర్చున్నాడు. వాడికప్పుడు పన్నెండేళ్ళు. దేవుడు ఇంట్లో లేడా అని నన్ను అడిగింది వాడే.

విశ్వాసం విషయంలో అక్క నా కంటే గట్టిది. రోజూ తెల్లవారుజామున లేచి తలుపు వేసుకుని ప్రార్థన చేస్తుంది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థించమని మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో యేసు చెప్పిందే అది. అక్కని చూస్తే నేను పైన చెప్పిన వాదనంతా కూలిపోతుంది కదా అనిపించేది. కానీ ఆ మాట చెప్పిన మూడు వచనాల తర్వాతే ఆయన ప్రార్థన నేర్పుతాడు. అది ‘నా తండ్రీ’ అని ఉండదు. ‘మా తండ్రీ’ అని ఉంటుంది. తలుపు వేసుకున్న గదిలో ఒక్క మనిషి మోకరించి ‘మా’ అంటోంది. మనకి మన, మా అని రెండు మాటలున్నాయి కాబట్టి ఆ తేడా మనకి బాగా తెలుస్తుంది. దేవుడితో మాట్లాడుతూ ‘మా’ అంటే, ఇటువైపు ఉన్నవాళ్ళందరూ అని. తెల్లవారుజామున అక్క ఆ మాట అన్నప్పుడు అందులో ఎవరెవరు ఉంటారు? తనని పట్టికలోంచి తీసేసినవాళ్ళు ఉంటారా? నేను ఉంటానా? మేం అందరం నిలబడి అదే మాట అంటున్నప్పుడు అందులో అక్క ఉందా?

నా బదులు నమ్మకాన్ని మోసేవాళ్ళే చర్చి అన్నాను. ఆ మోసే చేతులు దించేస్తే తగిలే దెబ్బ మామూలు దెబ్బ కాదు. ఆఫీసులో అవమానం జరిగితే ఉద్యోగం మానేసి ఇంకోటి వెతుక్కుంటాం. ఇక్కడ దించేసింది మనుషులా, దేవుడా అన్నది కూడా తేల్చుకోలేని స్థితి వస్తుంది. అందుకే చర్చిలో గాయపడి దూరమైనవాళ్ళని ‘చల్లారిపోయారు’ అనడం నేను ఒప్పుకోను. బాగా నమ్మి ఒరిగినవాళ్ళకే అంత దెబ్బ తగులుతుంది.

మార్కు సువార్త రెండో అధ్యాయంలో నలుగురు మనుషులు పక్షవాయువు ఉన్న ఒకతన్ని మోసుకొస్తారు. ఇంటి కప్పు విప్పి, పరుపుతో సహా కిందికి దించుతారు. యేసు చూసింది వారి విశ్వాసాన్ని అని ఉంటుంది అక్కడ. పడుకున్నవాడి విశ్వాసం అని విడిగా లేదు. నాకెంతో ఇష్టమైన కథ. ఇంతకాలం నేను గమనించనిది ఏమిటంటే, కప్పు విప్పాల్సి వచ్చింది ఎందుకు? గుమ్మం దగ్గర చోటు లేదు. అడ్డంగా నిలబడ్డవాళ్ళు శత్రువులు కారు. వాక్యం వినడానికి వచ్చినవాళ్ళు. లోపలికి చూస్తూ, వెనక్కి తిరగకుండా నిలబడ్డవాళ్ళు. ఎనిమిదేళ్ళ క్రితం ఆ ఆదివారం నేను నిలబడ్డది సరిగ్గా అక్కడే.

దూరా యూరోపస్ ఇంట్లో బాప్తిస్మం గది గోడ మీద పక్షవాయువు ఉన్న మనిషి స్వస్థపడిన బొమ్మ ఉంది. ఇప్పుడది అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళ దగ్గర ఉంది. యేసు ఉంటాడు, మంచం మీద మనిషి ఉంటాడు, పక్కనే అదే మనిషి మంచం వీపు మీద వేసుకుని నడుస్తుంటాడు. మోసుకొచ్చిన నలుగురూ అందులో లేరు. అది ఏ సువార్తలోని సంఘటన అన్నదాని మీద పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి. నాకు మాత్రం, ఆ గదిలోకి వచ్చి బొమ్మ చూసినవాళ్ళ కోసమే ఆ నలుగురి చోటు ఖాళీగా ఉంచారేమో అనిపిస్తుంది.

ఇదంతా మా అక్క కొడుక్కి ఫోన్లో చెప్పాను. చివరిదాకా విన్నాడు. "బాగుంది పిన్నీ. కానీ అమ్మని మళ్ళీ రమ్మని ఎవరూ పిలవలేదు కదా" అన్నాడు.

సంఘపెద్దల్లో ఒకాయన దగ్గరికి వెళ్ళి అడిగాను. ఇన్నేళ్ళ తర్వాత ఎందుకమ్మా కదిలించడం అన్నారు. ఇంకొకాయన ఆలోచిద్దాం అన్నారు, ఆలోచిస్తున్నారు. వాళ్ళ కోసం ఆగకుండా నేను అక్కకి ఒక ఉత్తరం రాశాను. ఆ రోజు నాకు తెలిసీ ఊరుకున్నాను, నన్ను క్షమించు అని. అక్క చదివి మడిచి బైబిల్లో పెట్టుకుంది. ఏమీ అనలేదు. చర్చికి రమ్మని నేనూ అనలేదు. అప్పటినుంచి ఆదివారం సాయంత్రాలు నేనే వాళ్ళింటికి వెళ్తున్నాను. ఇద్దరం కూర్చుని ప్రార్థన చేసుకుంటాం. కొన్నిసార్లు ఏమీ చేయం.

మొన్న ఆదివారం నేను వెళ్ళొస్తానని లేచాక, తలుపు దగ్గర అక్క అడిగింది.

"ఇవాళ వాక్యం ఎవరు చదివారు?"

చెప్పాను. కొత్తగా మొదలుపెట్టిన ఒక చిన్న అమ్మాయి.

"ఏ భాగం?"

"నలభై రెండో కీర్తన."

"నాలుగో వచనం దగ్గర ఆగిందా?"

"లేదు. గబగబా చదివేసింది."

"అక్కడ ఆగాలి" అంది అక్క. "చెప్పు ఆ పిల్లకి."